పరగడుపు నాలుక

టాటానగర్‌లో, మా భుయ్యాడీహ్ గల్లీలో మమ్మల్ని "మఛ్లీవాలే" అనేవారు. మేమేమీ చేపలు అమ్మేవాళ్ళం కాదు. మా అయ్య కార్ఖానాలో కాంట్రాక్టు కూలీ. కొలిమి చల్లార్చినప్పుడు లోపలికి దిగి పాత ఇటుకలు పగలగొట్టి కొత్తవి పేర్చే ముఠాలో పని. కానీ శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి వచ్చామనీ, అక్కడ అయ్య తెప్ప మీద వేటకు పోయేవాడనీ గల్లీ అంతటికీ తెలుసు. నాకు పదేళ్ళప్పుడు ఊరు వదిలాం. తర్వాత పద్నాలుగేళ్ళు ఆ మాటకి సిగ్గుపడుతూనే పెరిగాను. ఎవరైనా అడిగితే "హమ్ ఆంధ్రా సే" అని ఊరుకునేవాణ్ణి, సముద్రం ఊసెత్తేవాణ్ణి కాదు. ఇంట్లో అయ్య తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేవాణ్ణి.

అలాంటివాణ్ణి ఒకరోజు ఒక డేరా ముందు నిలబడి, సొరచేపల సంగతి నాకు పుట్టుకతోనే తెలుసని చెప్పాను.

డెబ్బైల చివర, ఒక చలికాలం. నాకు కార్ఖానాలో ఇంకా పక్కా పని లేదు, ఎవరైనా రాని రోజున పిలిచేవారు. సిద్ధగోరా దగ్గరి మైదానంలో ఎగ్జిబిషన్ వేశారు. రంగులరాట్నం, మోటారు సైకిల్ బావి, వాటి పక్కన సముద్రపు చేపల డేరా. దాని ముందు బోర్డు మీద ఎవడో పెయింటరు నోరు తెరిచిన సొరను వేశాడు. రంపానికి ఉన్నట్టు పళ్ళు, పళ్ళ మధ్య ఒక మనిషి కాలు, కింద హిందీలో "నరభక్షి". మేనేజరు ఒడిశా మనిషి, మెడ చుట్టూ మఫ్లరు తీయకుండా తిరిగేవాడు. చేపల్ని చూసుకునే పనివాడు దారిలోనే చెప్పాపెట్టకుండా పోయాడట. ఈ ఊళ్ళో సముద్రం మనుషులెవరైనా ఉన్నారా అని టీకొట్టు దగ్గర అడిగితే, టీకొట్టువాడు నన్ను చూపించాడు. "యే మఛ్లీవాలా హై" అన్నాడు. పద్నాలుగేళ్ళు నన్ను మండించిన మాట ఆ పూట తియ్యగా వినిపించింది. అవసరం ఎంత పనైనా చేయిస్తుంది.

లోపల ఇనుప చట్రంలో గాజు పలకలు బిగించిన పెద్ద తొట్టి. అడుగున ఇసుక, ఇసుక మీద పడుకుని ఒక సొర. బోర్డు మీది రాక్షసికీ దీనికీ పోలికే లేదు. రెండు మూరల పొడవు, ఒళ్ళంతా గోధుమరంగు పట్టీలు, మూతికి పొట్టి మీసాలు. పగలంతా కదలకుండా పడుకునే రకం. జనం టిక్కెట్టు కొనుక్కుని భయంభయంగా లోపలికొచ్చి, దాన్ని చూసి, "అరే, యే తో మాగుర్ హై" అని నవ్వి పోయేవారు. మాగుర్ అంటే వానాకాలం బురదలో దొరికే మీసాల చేప. మేనేజరుకి అది తలకొట్టేసినట్టుండేది. దాన్ని కాస్త కదిలించు, కాస్త కోపం తెప్పించు అని నా వెంటపడేవాడు.

మొదటి రోజే గాజు దగ్గరికి లాగుదామని చొక్కా చెయ్యి పైకి మడిచి, పొడిచేత్తో దాని తోక పట్టాను. అది ఒక్క మెలిక తిరిగింది. కరవలేదు, ఒట్టినే నా చేతి మీదుగా జారిపోయింది. చూస్తే మణికట్టు నుంచి మోచేతి దాకా తోలు లేచిపోయి, రక్తం చుక్కలు చుక్కలుగా కమ్ముతోంది. ఎవరూ చూడకుండా గుడ్డ చుట్టుకున్నాను.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన అయ్య ఆ గుడ్డ విప్పించాడు. కిటికీ వెలుతురుకి నా చెయ్యి తిప్పి చూశాడు. కార్ఖానాలో దెబ్బ తగిలిందని హిందీలో నసిగాను.

"ఇది ఇనప దెబ్బ కాదు. సొర గీసినాది," అన్నాడు. "ఈ ఊర్లో నీకు సొర ఏటి, ఎక్కడ దొరికినాదిరా?"

సముద్రానికి అంత దూరంలో, పొగగొట్టాల కింద, నా చేతి మీది గీరుడు చూసి అది ఏ జీవి పనో చెప్పాడు. నాకు అప్పటిదాకా అయ్య అంటే ఎవరో ఒకరి ముఠాలో, ఎవరో ఒకరి కేకకి పరుగెత్తే మనిషి. నిజం చెప్పేశాను.

మర్నాడు పని అవుతూనే, ఇటుక దుమ్ముతో అలాగే డేరాకి వచ్చాడు. ముందు కుళాయి దగ్గర చేతులు చాలాసేపు కడుక్కున్నాడు. రాగి ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు. మోచేతుల దాకా తొట్టి నీళ్ళతో తడుపుకుని, సొరకి ఎదురుగా కాకుండా పక్కగా, దానికి కనిపించేట్టు చెయ్యి దించాడు. దించి ఊరుకున్నాడు. మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. చాలాసేపటికి అరచెయ్యి దాని పొట్ట కిందికి పోనిచ్చాడు, రెండో చెయ్యి తోక మొదట్లో ఆనించాడు. పట్టుకోలేదు, ఎత్తలేదు. సొర కొంచెం కదిలి, ఆయన చేతి మీదే సర్దుకుని పడుకుంది.

అయ్య మొహం అలా ఉండగా నేను అంతకుముందు చూడలేదు. మా ఎవరి వైపూ ఆయన అలా చూసిన గుర్తు లేదు. నాకు కుళ్ళు పుట్టింది, దాచడం ఎందుకు.

ఆ రోజు నుంచి నాకు చదువు మొదలైంది. "ఎదరెట్టి ఎల్లకు. దానికి దారి ఒగ్గీ," అనేవాడు. "దారి లేకపోతే ఈది కుక్కయినా కరుత్తాది." నా చెయ్యి పట్టుకుని సొర వీపు మీద పెట్టి, "తల కాణ్నించి తోకకి నిమిరితే పట్టుబట్ట. ఎనక్కి నిమిరితే ఆకురాయి. నువ్వు ఎనక్కి నిమిరినావు, అందికే తోలూడినాది," అనేవాడు. తోక పట్టి ఎత్తడం మాత్రం చంపడంతో సమానమట. నీళ్ళలో బరువు తెలియకుండా బతికిన ఒళ్ళు, పైకెత్తితే లోపలున్నవన్నీ జారిపోతాయట.

నాకు ఒళ్ళు మండి ఒకసారి అడిగాను. ఊళ్ళో ఉన్నప్పుడు నువ్వు కాలేయం నూనె కోసం వందల సొరల్ని కోశావు కదా, ఇప్పుడు దీనికి ఇంత మర్యాద ఏమిటి అని.

"సంపినాను. కాదనను," అన్నాడు. "ఆడించలేదు."

మేనేజరుకి కావలసింది మాత్రం ఆడించడమే. సొరను పైకెత్తి పట్టుకుంటే జనం వచ్చి ముట్టుకుంటారు, పేరొస్తుంది అన్నాడు. అయ్య తెలుగులో ఒప్పుకోనన్నాడు, నేను హిందీలో దాన్ని మెత్తగా చేసి చెప్పాను. మేనేజరు అయ్య మసిబట్టల్ని చూశాడు, ప్రశాంతంగా పడుకున్న సొరను చూశాడు. ఎగ్జిబిషన్ నడిచే ఆరు వారాలూ ఆ సొర బతకాలంటే ఈ ముసలాయన కావాలని అతనికి అర్థమైంది. అయ్య తన కోసం ఒక్కటే అడిగాడు. ఎగ్జిబిషన్ అయిపోయాక సొరను పారెయ్యకుండా, సముద్రపు నీళ్ళు వచ్చే డ్రమ్ములోనే పెట్టి పూరీ తీసుకుపోవాలి. తనే రైల్లో దాని పక్కన కూర్చుని వెళ్తాడు, తన చేతులతోనే వదులుతాడు. మేనేజరు ఠీక్ హై అన్నాడు. అతనికి పోయేదేముంది.

అయ్య సముద్రం చూసి పద్నాలుగేళ్ళు. ఊరికి పోవడానికి మాకు అక్కడ ఏమీ మిగల్లేదు. ఆ వారమే అమ్మతో చెప్పి పెట్టెలోంచి తెల్లపంచె తీయించాడు. ముఠా మేస్త్రీని నాలుగు రోజులు సెలవు అడిగాడు. నాతో ఒక్కసారే, "సంద్రాన్ని సూసొత్తాను," అన్నాడు. తనతో రోజూ అంటున్నాడని అమ్మ చెప్పింది.

తొట్టికి సముద్రపు నీళ్ళు పూరీ నుంచి గూడ్సులో వచ్చేవి. టాటానగర్ యార్డులో దింపుకుని, బాగ్‌బేరా మీదుగా లారీలో తెచ్చుకునేవాళ్ళం. నాలుగైదు రోజులకోసారి పాత నీళ్ళు మూడోవంతు తీసి కొత్తవి పొయ్యాలి. నాలుగో వారంలో డ్రమ్ములు రాలేదు. ఎక్కడో దారిలో ఆగిపోయాయన్నారు. అప్పుడు అయ్య గళ్ళుప్పు తెప్పించాడు. కుళాయి నీళ్ళు రెండు రోజులు ఎండలో పెట్టి, బ్లీచింగు వాసన పోయాక అందులో ఉప్పు కరిగించి, మిగిలిన సముద్రపు నీళ్ళు కాసిని కలిపి పోసేవాడు. ఎంత ఉప్పు అంటే దానికి కొలత లేదు, ఆయన నాలుకే కొలత.

పొద్దున్నే, టీ కూడా తాగకుండా, డ్యూటీకి పోయే ముందు వచ్చేవాడు. చేదు అంటుకుంటుందని ఆ రోజుల్లో వేపపుల్ల మానేసి బొగ్గుపొడితో పళ్ళు తోముకునేవాడు. తొట్టి నీళ్ళు పుక్కిట పట్టి, కళ్ళు మూసుకుని, కొంతసేపు ఉంచి ఉమ్మేవాడు. "ముందు ఉప్పు తగలాల. ఎనకాల, గొంతుకాడ, సేదు తగలాల," అని నాకు చెప్పాడు. "ఉప్పొక్కటే తగిలితే అది సంద్రం కాదు, పులుసు."

నాకూ అలవాటు చెయ్యాలని చూశాడు. అప్పటికి నేను ఖైనీ మరిగి మూడేళ్ళు. పొగాకూ సున్నం అరచేతిలో నలిపి, కింది పెదవి వెనక పెట్టుకుని గంటలకొద్దీ ఉంచుకునేవాణ్ణి. కార్ఖానా గేటు దగ్గర అది లేనివాణ్ణి మగవాడికింద లెక్కపెట్టేవారు కాదు. అయ్య నా పెదవి వైపు చూసి, "అది ఒగ్గీ. సున్నం తిన్న నాలికకి ఏటి తెలుత్తాది," అన్నాడు. "ఛోడ్ దియా," అన్నాను. వదల్లేదు.

అంతలో అయ్య పనిచేసే కొలిమికి షట్‌డౌన్ వచ్చింది. అంటే కొలిమి ఆపి, లోపల ఇటుకంతా మార్చే పని. ముఠా మొత్తం మూడు రోజులు లోపలే ఉండాలి, తిండీ నిద్రా అక్కడే. వెళ్ళే ముందు డేరా దాకా వచ్చి, సొరను ఒకసారి నిమిరి, నాతో చెప్పాడు. "నాను వచ్చీదాకా నీ నాలికే నా నాలిక. పరగడుపునే సూడు. అనుమానం వత్తే ఉప్పు ఎయ్యకు, నీల్లు పొయ్యి."

మొదటి పొద్దున ఖైనీ ఉమ్మేసి, రెండుసార్లు పుక్కిలించి, తొట్టి నీళ్ళు నోట్లో పోసుకున్నాను. చప్పగా ఉన్నాయనిపించింది. నాలుగు దోసిళ్ళ ఉప్పు కరిగించి పోశాను. రెండో పొద్దున ఇంకా చప్పగానే ఉన్నాయి. ఇంకొంచెం పోశాను. మూడో పొద్దున గంప అడుగున మిగిలిన ఉప్పంతా పోసి కర్రతో కలిపాను. తెలిసి చేశానా అంటే, తెలియదనే చెబుతాను. అనుమానం రాలేదా అంటే మాత్రం వచ్చింది. నా నోట్లో ఏ రుచీ సరిగ్గా తెలియడం లేదని నాకు తెలుసు. అయినా అయ్య చేసే పని నేనూ చేస్తున్నాను, మేనేజరు నన్నే అడుగుతున్నాడు, ఆ మూడు రోజులు డేరాకి పెద్దదిక్కుని నేనే. ఆ గొప్ప పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం సొర ఇసుక మీంచి లేచింది. గాజు వెంబడి గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. మూతి గాజుకి రాస్తూ, ఆగకుండా, తిరుగుతూనే ఉంది. జనం ఎగబడ్డారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని చూపించారు. మేనేజరు నా వీపు చరిచి, "ఆజ్ తో నాచ్ రహా హై," ఇవాళ నాట్యమాడుతోందంటూ నవ్వాడు. నేనూ నవ్వాను.

నాలుగో పొద్దున అయ్య గేటులోంచి తిన్నగా డేరాకే వచ్చాడు. కనుబొమల్లో, చెవుల్లో ఇటుక దుమ్ము. తిరుగుతున్న సొరను చూసి ఆయన నవ్వలేదు. కుళాయి దగ్గర నోరు కడుక్కుని, తొట్టి నీళ్ళు పుక్కిట పట్టాడు. వెంటనే ఉమ్మేశాడు.

"ఉప్పు మించిపోనాదిరా. ఏటి సేసినావు?"

"నువ్వు చెప్పినట్టే చేశాను. రోజూ పరగడుపునే చూశాను," అని హిందీలోనే అన్నాను. మేనేజరు పక్కనే ఉన్నాడు.

అయ్య మళ్ళీ నోట్లో పోసుకున్నాడు. మళ్ళీ ఉమ్మాడు. నా మొహంలోకి చూశాడు. "ఖైనీ ఏసినావేట్రా?"

"లేదయ్యా. ఒట్టు."

అన్నిటికీ హిందీలో జవాబు చెప్పేవాణ్ణి, ఆ ఒక్క అబద్ధం మాత్రం తెలుగులో చెప్పాను. తెలుగులో చెబితే ఆయన నమ్ముతాడని నాకు తెలుసు. నమ్మాడు. మూడోసారి నీళ్ళు నోట్లో పట్టి, ఈసారి చాలాసేపు ఉంచుకున్నాడు. ఉమ్మి, అరచేత్తో నాలుక తుడుచుకున్నాడు.

"అయితే నా నాలికే పాడయిపోనాది," అన్నాడు. "మూడు దినాలు ఇటిక దుమ్ము మింగినాను. ఏటి తెలుత్తాది."

డ్రమ్ముల్లో ఎండలో పెట్టిన మంచినీళ్ళు ఉన్నాయి. అప్పటికప్పుడు సగం తొట్టి తోడేసి అవి పోసుంటే బహుశా సరిపోయేది. ఆయన చెయ్యి డ్రమ్ము దాకా వెళ్ళింది కూడా. కానీ తన నాలుక మీద నమ్మకం పోయిన మనిషి నీళ్ళు ఎలా మారుస్తాడు? కొడుకు నాలుక సరిగ్గా ఉందంటున్నాడు కదా. చెయ్యి వెనక్కి తీసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. నేను పక్కనే నిలబడి చూశాను. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుందని, మేనేజరు ముందు పరువు పోతుందని ఊరుకున్నాను. నా పిరికితనానికి ఇంతకంటే మంచి కారణాలేమీ లేవు.

మర్నాడు పొద్దెక్కేసరికి సొర ఒక పక్కకి ఒరిగింది. మొప్పల చీలికలు ఎప్పుడో ఒకసారి కదులుతున్నాయి. అయ్య స్టూలెక్కి, మోచేతుల దాకా చేతులు ముంచి, దాన్ని నిటారుగా పట్టుకుని తొట్టిలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిపించడం మొదలుపెట్టాడు. అలా ముందుకి నడిపిస్తే నీళ్ళు నోట్లోకెక్కి ఊపిరి ఆడుతుందట. వెనక్కి లాగలేదు, ప్రతిసారీ చివర్లో జాగ్రత్తగా తిప్పి మళ్ళీ ముందుకే నడిపించాడు. ఆ రోజు ఆయనది రెండు గంటల డ్యూటీ. సైరన్ మోగింది, ఆయన కదల్లేదు. జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, ఇదేదో ఆట అనుకుని చప్పట్లు కొట్టారు. నన్ను సాయం పట్టమని ఆయన అడగలేదు. నేనే వెళ్ళి పక్కన చేతులు ముంచాను. నీళ్ళు నా చేతి మీద ఇంకా పూర్తిగా మానని పాత గీతల్ని మండించాయి. ఎంత ఉప్పు పోశానో అప్పుడు తెలిసింది నాకు.

పొద్దు వాలేసరికి చచ్చిపోయింది.

ఇంకో రెండు రోజులు అలాగే ఉంచుదాం, ఎలాగూ కదలకుండా పడుకునేదే కదా, ఎవడికి తెలుస్తుంది అన్నాడు మేనేజరు. అయ్య తనంతట తనే హిందీలో, "నహీఁ," అన్నాడు. గోనెసంచి తడిపి, సొరను అందులో చుట్టి, రెండు చేతుల మీదా పడుకోబెట్టుకుని బయటికి నడిచాడు. చచ్చినదాన్ని కూడా తోక పట్టి ఎత్తలేదు.

మా గల్లీ వెనక సువర్ణరేఖ. చలికాలం కనుక నీళ్ళు సన్నగా, రాళ్ళ మధ్యన పారుతున్నాయి. "ఈ ఏరు ఎల్లీది సంద్రానికే కదూ?" అని అడిగాడు. అవునన్నాను. మోకాలి లోతు దాకా దిగి వదిలాడు. అది పోలేదు, ఒక రాయికి తగిలి ఆగింది. పట్టీలు కనిపిస్తున్నాయి. వంగి, చేతులు తడుపుకుని, దాన్ని మెల్లగా పాయలోకి తోశాడు. ఒడ్డుకొచ్చి తడిసిన బట్టలు పిండుకున్నాడు.

"నా నాలిక సంద్రాన్ని మరిసిపోనాదిరా," అన్నాడు. "నువ్వు సరిగ్గానే సెప్పినావు. నానే వచ్చిన దినమే ఏదో ఒకటి సెయ్యాల్సింది. తెల్దు, ఏటి సెయ్యాలో తెల్దు."

అక్కడ మేమిద్దరమే ఉన్నాం. మేనేజరు లేడు, ఉద్యోగం ఎలాగూ పోయింది. చెప్పడానికి నాకు అడ్డేమీ లేదు. అయినా చెప్పలేదు. ఇంటికి వచ్చాక అమ్మ అడక్కుండానే తెల్లపంచె మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది. ఖైనీ నేను ఆ వారమే మానేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అదే. కొన్ని నెలలకి నా నాలుక బాగానే తేరుకుంది.

అయ్య ఆ తర్వాత పన్నెండేళ్ళు బతికాడు. సముద్రం మాట మళ్ళీ ఎత్తలేదు. నేను ఆయనతో తెలుగులోనే మాట్లాడటం మొదలుపెట్టాను, దాన్ని ఆయన గమనించాడో లేదో తెలియదు. ఆయనలో కొత్తగా వచ్చింది ఒక్క అలవాటే. అమ్మ వడ్డించగానే ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, నా వైపు చూసేవాడు. "ఉప్పు సరిపోనాదేట్రా?" అని అడిగేవాడు. నేను సరిపోయిందంటే తినేవాడు, తక్కువైందంటే వేసుకునేవాడు. సొంతంగా ఉప్పు డబ్బా మీద చెయ్యి వెయ్యడం ఆయన మానేశాడు. మొదట్లో ఆ ప్రశ్న వింటే ఎత్తిన ముద్ద కంచంలోనే పెట్టేసేవాణ్ణి. తర్వాత తర్వాత అలవాటైపోయింది. అలవాటు కావడం ఇంకా సిగ్గు.

ఆయన పోయే ముందటి చలికాలం, ఒక మధ్యాహ్నం అమ్మ చేపల పులుసు వండి, ఇద్దరికీ వడ్డించి, నీళ్ళకి కుళాయి దగ్గరికి వెళ్ళింది. అయ్య ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపి నా వైపు చూశాడు.

"ఉప్పు సరిపోనాదేట్రా?"

"సరిపోయిందయ్యా," అన్నాను, ఇంకా అన్నం కలుపుకుంటూనే.

ఆయన తలూపి తినసాగాడు. తర్వాత నేను నా ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అమ్మ ఆ రోజు పులుసులో ఉప్పు వెయ్యడమే మర్చిపోయింది. తలెత్తి చూస్తే అయ్య కంచంలో సగం అయిపోయింది. ఒక్కో ముద్దా శ్రద్ధగా నములుతూ, నా మాట మీద నమ్మకంతో, ఆ చప్పటి కూడంతా కంచం ఊడ్చుకుని తిన్నాడు.